దగ్గరి చిత్రంలో స్ఫుటత

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దున ఉన్న చర్ల ప్రాంతంలో, గోదావరికి ఉపనది అయిన తాలిపేరు ఒడ్డున గడ్డిపోచపై వాలిన తూనీగను దాని రెక్కల ఈనెలు సైతం విడివిడిగా కనిపించేలా చిత్రించగల ఛాయాగ్రాహకుని నేర్పు ఎంతో ప్రశంసనీయమైనది. ప్రాణి ప్రతిబింబం దాని అసలు పరిమాణంలోనే సెన్సర్‌పై పడే 1:1 మాక్రో చిత్రణలో, ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు ఎఫ్/11 వద్ద కూడా, క్షేత్రగాఢత, అంటే స్పష్టంగా కనిపించే లోతు, ఒక మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువగా మాత్రమే ఉంటుంది. ఆ లోతును పెంచడానికి అపర్చర్‌ను, అనగా లెన్సులోని కాంతిద్వారాన్ని, మరీ ఇరుకు చేస్తే, కాంతి దాని అంచుల వద్ద వంగి వ్యాపించే వివర్తనం వల్ల చిత్రమంతా పదును కోల్పోతుంది. కనుక నిపుణుడు చలికి కీటకం కదలని, గాలి వీచని తెల్లవారుజామును ఎంచుకొని, కెమెరాను ట్రైపాడ్‌పై నిలిపి, సెన్సర్‌ను రెక్కల తలానికి సమాంతరంగా అమర్చి, టైమర్‌తో చేతి కదలికను నివారించి, అవసరమైనచోట ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన అనేక చిత్రాలను ఒక్కటిగా కలిపే స్టాకింగ్ పద్ధతిని ఆశ్రయిస్తాడు. ఓర్పు, భౌతికశాస్త్ర పరిజ్ఞానం, ప్రాణి నడవడిపై అవగాహన అనే మూడూ కలిసినప్పుడే ఈ విద్య రాణిస్తుంది. కొమ్మ విరవకుండా, ప్రాణిని బెదరగొట్టకుండా సాధించిన స్ఫుటతే ఇందులో ఉత్తమమైనది.