ఒకే గొంతులో పోలీసు, డ్రైవరు: ఒక ర్యాప్ చరణం పరిశీలన

ర్యాప్ అనగానే మీలో చాలామందికి బూతులు, డాంబికం, తుపాకులు గుర్తుకు రావచ్చు. ఆ అభిప్రాయాన్ని ప్రస్తుతానికి పక్కన ఉంచండి. చివర్లో దానితో పని పడుతుంది.

ఒక మనిషి చేసిన పనిని కాక అతని ఒంటి రంగును చూసి పోలీసులు అనుమానించడాన్ని అమెరికాలో 'రేషియల్ ప్రొఫైలింగ్' అంటారు. దీనిపై వచ్చిన ర్యాప్ పాటల్లో చాలావరకు కోపంతో రగిలేవే. 1988లో ఎన్.డబ్ల్యూ.ఏ. బృందం తన పాటలో ఏకంగా పోలీసులనే ముద్దాయిలను చేసి విచారణ జరిపింది. జే-జీ 2003లో 'ద బ్లాక్ ఆల్బమ్'లో పాడిన 'నైంటీ నైన్ ప్రాబ్లమ్స్' రెండో చరణం దారి వేరు.

కథాకాలం 1994. ఒక నల్లజాతి యువకుడి కారును పోలీసు ఆపుతాడు. న్యూజెర్సీలో తనకెదురైన అనుభవమే దీనికి ఆధారమని జే-జీ 'డీకోడెడ్' పుస్తకంలో చెప్పాడు. హరికథలో హరిదాసు ఒక్కడే అన్ని పాత్రలూ అయినట్టు ఇక్కడ గాయకుడే ఇద్దరి గొంతులూ పలుకుతాడు. ఆపిన కారణం ఏమిటంటే, వేగ పరిమితి 54 మైళ్లట, ఇతను 55లో వెళ్లాడట. అమెరికాలో వేగ పరిమితులు సాధారణంగా అయిదు చొప్పున పెరుగుతాయి. 54 అనే బోర్డు దాదాపుగా కనబడదు. సాకు అన్న మాట వాడకుండానే కవి సాకును చూపించాడు. అసలు ఉద్దేశం ఏదైనా సరే, చిన్న ట్రాఫిక్ ఉల్లంఘన ఉంటే కారు ఆపవచ్చని 1996లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందని కూడా గుర్తుంచుకోండి.

దీన్ని నిర్దోషి ఆవేదనగా చదివితే మీరు పొరబడినట్టే. కారు డిక్కీలో మాదకద్రవ్యం ఉంది! డ్రైవరు అమాయకుడైతే మన సానుభూతి సులువుగా దక్కేది. కవి ఆ సులువు దారి వదులుకున్నాడు. 'చూశారా, అనుమానం నిజమే కదా' అనేవారికి చోటిచ్చి మరీ ప్రశ్న వేశాడు: కారు ఆపిన క్షణంలో పోలీసుకు తెలిసిందేమిటి? రంగు, వయసు, కిందికి లాగిన టోపీ. అంతే.

తాళం వేసిన డిక్కీ తెరవాలంటే వారంటు కావాలని డ్రైవరు వాదిస్తాడు. అది చట్టప్రకారం సరికాదని, తగిన కారణం ఉంటే వారంటు లేకుండానే కారును సోదా చేయవచ్చని న్యాయశాస్త్ర ఆచార్యుడు కేలబ్ మేసన్ 2012లో ఒక వ్యాసంలో చూపాడు. నాకిది పాటలో లోపంగా తోచదు. వీధిలో నేర్చుకున్న చట్టం అలాగే ఉంటుంది.

ఇక పల్లవి. అందులో స్త్రీలను కించపరిచే తిట్టు ఒకటుంది. ఈ చరణం తరవాత దానికి ఆడకుక్క అనే అసలు అర్థం వచ్చి, పోలీసులు సోదాకు రప్పిస్తామన్న కుక్కను సూచిస్తుంది. తిట్టు వినగానే పాటను తోసిపుచ్చేవారు కూడా పైపైన చూసి ముద్ర వేస్తున్నవారే అన్నది ఇందులోని చమత్కారం. చమత్కారం బాగుంది కానీ, నా దృష్టిలో అది పూర్తి సమాధానం కాదు. ఈ పల్లవి 1993 నాటి ఐస్-టీ పాట నుంచి తెచ్చుకున్నది. అక్కడ ఆ మాట నేరుగా స్త్రీలనే అంటుంది. ఒక ముద్రను ఎదిరించే పాట ఇంకొకరి మీద ముద్రను అరువు తెచ్చుకుంది. మొదట పక్కన ఉంచిన అభిప్రాయాన్ని ఇప్పుడు చేతికి తీసుకుని, రెండో చరణం ముగిసి పల్లవి మొదలయ్యే చోట మరోసారి వినండి. ఆ మాట ఎవరిమీద పడుతోందో మీరే రాయండి.