బొంతకు దగిన దారము

పాత చీరలను పొరలుగా పఱచి కుట్టెడి బొంతను ఆరంభించుట సులభమే గాని, దానిని ముగించుట సులభము గాదు. నడిమి కుట్టు ఎంత కాలమైనను సాగవచ్చును. అంచు మడచి కుట్టిన పిమ్మట ఇంక నేమియు చేర్చుటకు వీలుండదు. కోవిల్పట్టి చెంతనున్న పల్లెలో మా అవ్వ ఆరంభించి, మూడంచులు కుట్టకయే విడిచిపోయిన బొంత విరుదునగరమునందలి మా యింటికి చేరినప్పుడు, ఆ ముగింపు భారము నాపై బడినది.

దాని పొరల నడుమ నున్నది ఆ సీమ దూదియే. తమిళులు కరిసల్ అనెడి ఆ నల్లరేగడిలో, వానను మాత్రమే నమ్మి పండెడి కరుంగణ్ణి యను దేశవాళీ ప్రత్తి చిరకాలముగా ప్రసిద్ధము. కోవిల్పట్టిలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రము 1901లోనే వెలసినది. 1923లో విరుదునగరమను పేరు దాల్చిన విరుదుపట్టి ఆ ప్రత్తి వర్తకముతోనే పెరిగినది. ఆ ప్రత్తి పోగు పొట్టిది. సన్నని నేతకు చాలకున్నను పరుపులకును బొంతలకును మేలైనది. అయినను, పోగు పొట్టిదగుటచే, కుట్లు దూరమైనచోట దూది కదలి ఉండలు కట్టును.

చూపు మందగించిన యేండ్లలో అవ్వ వేసిన కుట్లు వంకరలు పోయి, ఒక్కొక్కచోట అంగుళము దాటినవి. వానిని విప్పి సరిచేయుమని చెప్పినవారు కలరు. దూది నిలుచుటకై వాని నడుమ చిన్న కుట్లు చేర్చితిని గాని, అవ్వ కుట్టును విప్పలేదు.

దారము కొనబోగా, అంగడివాడు పాలియెస్టరు దారపుండను చేత బెట్టి, ‘ఇది జన్మకు తెగదమ్మా’ యని హామీ యిచ్చెను. నేను దానిని తిరిగి యిచ్చుటకు ఆ హామీయే కారణము. ఏండ్ల తరబడి ఉతుకులకు నలిగిన నూలుచీరలో అంతటి గట్టి దారము నడచినచో, లాగుడు పడినప్పుడు దారము నిలిచి, బట్ట సూదిబెజ్జముల వెంబడి కోసికొనిపోవును. మెత్తని నూలుదారమైనచో తానే ముందుగా తెగి బట్టను కాపాడును. తెగిన దారమును రేపు మరల వేయవచ్చును. చిరిగిన ఆ చీరను మరల నేయువారు లేరు.

సంరక్షణయందును ఇదియే న్యాయము. ఉతుకుట అరుదుగా జరుగవలయును. అంతకు ముందు తడి తెల్లగుడ్డతో ప్రతి రంగును అద్ది, దిగునో దిగదో చూడవలయును. తడిసిన దూది బరువు కుట్లను త్రెంచును గనుక దండెముపై వ్రేలాడదీయక, నీడను మంచముపై పఱచి ఆరబెట్టవలయును. గంజి పెట్టరాదు, గంజికై పురుగులు చేరును. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలిచి బూజు పట్టును గనుక, ఉతికిన తెల్లని మల్లుగుడ్డలో చుట్టి, మడతలు ఒకేచోట విరుగకుండ అప్పుడప్పుడు మార్చుచుండవలయును.

ఈ న్యాయము మాటకును చెల్లును. ఈ సీమ తెలుగు కుటుంబములు శతాబ్దుల క్రిందట తరలివచ్చినవి. ఇంట తెలుగు పలుకుదురు, బడిలో తమిళము చదువుదురు. కోవిల్పట్టి చెంత ఇడైశెవల్ గ్రామమున అట్టి యింట జన్మించిన కి. రాజనారాయణన్ ఆ వలసకథను తమిళమున ‘గోపల్ల గ్రామం’గా వ్రాసి, దాని తరువాయి యగు ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారమందెను. కరిసల్ సీమ మాటలను ఆయన దిద్దబూనలేదు, ఏరికూర్చి నిఘంటువొనర్చెను. గ్రంథములు చదివి తెలుగు నేర్చిన నావంటివారమో, అచ్చటి పిల్లలు తమిళము కలిపి తెలుగు మాటాడగానే తప్పు పట్టుదుము. ఆ యింటి మాటలో మా పుస్తకభాషను గట్టిగా నడిపినచో, తెగునది పుస్తకభాష గాదు. తప్పని వినిన బాలుడు దిద్దిన తెలుగును నేర్వడు. మరునాటినుండి తమిళమే పలుకును.

ఆ బొంతను పెట్టెలో దాచక, మార్గళి చలిలో పిల్లలకు కప్పుచున్నాను. అక్కడక్కడ దారము తెగును. తెగినచోట నూలుదారముతోనే మరల కుట్టుదును. కప్పుకొన్న పిల్లలు పలికెడి తెలుగులో తమిళమెంత కలిసినను దిద్దుట మానితిని.