పోయిన వేలు, మిగిలిన పని

1965లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పదిహేడేళ్ల కుర్రాడొకడు రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేస్తున్నాడు. పేరు టోనీ అయోమీ. గిటారు బాగా వాయిస్తాడు. ఒక బృందంతో కలిసి విదేశాల్లో కచేరీలు చేసే అవకాశం వచ్చింది. ఫ్యాక్టరీలో ఆఖరి రోజున మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక వెళ్లనన్నాడు. ఒప్పుకున్న పని పూర్తి చేసి రావాలని తల్లి మందలించి పంపింది. ఆ పూట రేకులు వంచే మిషన్ మీద ఉండాల్సిన మనిషి రాలేదు. ఎన్నడూ ఆ మిషన్ ముట్టని కుర్రాడిని తీసుకెళ్లి దాని ముందు నిలబెట్టారు. అది కుడిచేతి మీదకి దిగింది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కునేసరికి నడిమివేలి కొస, ఉంగరపువేలి కొస అందులోనే ఉండిపోయాయి.

అతనిది ఎడమచేతి వాటం. అంటే గిటారు మెడ మీద తీగలను నొక్కిపట్టేది కుడిచెయ్యే.

ఇక గిటారు సంగతి మరిచిపొమ్మన్నారు డాక్టర్లు. ఇంట్లో దిగులుగా కూర్చున్న కుర్రాడి దగ్గరికి ఫ్యాక్టరీలో అతని పై అధికారి ఒక గ్రామఫోన్ రికార్డు పట్టుకొచ్చాడు. అది జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడిది. 1928లో జాంగో ఉండే బండి ఇంటికి నిప్పంటుకుంది. అతని భార్య అమ్మకం కోసం తయారుచేసిన సెల్యులాయిడ్ పూలే ఆ మంటకు మేతయ్యాయి. ఎడమచేతి చివరి రెండు వేళ్లూ చచ్చుబడిపోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే స్వరాలు పలికించే పద్ధతిని జాంగో కొత్తగా కూర్చుకున్నాడు. రికార్డు విన్నాక అయోమీ ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేళ్ల కొసలకు తొడుగులు చేసుకున్నాడు. తీగ జారిపోకుండా వాటి మీద తోలుముక్కలు అంటించాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి పుట్టేది కాబట్టి, సన్నవని బ్యాంజో తీగలు తెచ్చి గిటారుకు కట్టాడు. తర్వాతి కాలంలో శ్రుతి కూడా తగ్గించాడు. శ్రుతి తగ్గితే తీగ వదులవుతుంది, వేలికి శ్రమ తగ్గుతుంది. అతని బృందం బ్లాక్ సబాత్ 1971లో తెచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లో ఆ మంద్ర ధ్వని బాగా వినిపిస్తుంది. హెవీ మెటల్ అని ప్రపంచం పిలిచే సంగీతానికి ఆ ధ్వనే ఒక పునాది అయింది.

ఈ కథను మనోబలానికి ఉదాహరణగా చెప్పడం అందరికీ అలవాటు. మనోబలం ఉన్నమాట నిజమే. కానీ కథలో అది సగమే. గిటారు అతని సొంతం. తీగ మార్చుకోవాలన్నా శ్రుతి దించుకోవాలన్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు. గాయపడ్డ చేతికి తగ్గట్టు పనిముట్టును మార్చుకునే వీలు అతనికుంది. అదే కుర్రాడు మళ్లీ ఆ రేకుల మిషన్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చుంటే? దాన్ని వదులు చేసే అధికారం అతనికెక్కడిది?

అటువంటి ప్రెస్సులు మన హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల షెడ్లలోనూ పొద్దున్నుంచి రాత్రిదాకా చప్పుడు చేస్తూనే ఉంటాయి. రేకు ముక్క డై మీద పెట్టాలి, పెడల్ తొక్కాలి, పై డై దిగి లేవగానే ముక్క తీసి పక్కన వేయాలి. షిఫ్టు పొడుగునా ఇదే పని. కాసేపటికి కాలూ చెయ్యీ ఒక లయలో పడతాయి, మనసు ఎటో వెళ్తుంది. కాలు ఒక్క క్షణం ముందు పడినా, చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైనా వేలు పోతుంది. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేగానీ దిగని ప్రెస్సులున్నాయి. చెయ్యి అడ్డం వస్తే ఆగిపోయే సెన్సర్లున్నాయి. ఇవేవీ నిన్నమొన్నటి కొత్త వింతలు కావు. వాటికి డబ్బు పెట్టాలి, పెట్టాక వాటిని పక్కకు తప్పించకుండా చూడాలి. చిక్కంతా అక్కడే.

హర్యానాలో మోటారు వాహనాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీల్లో గాయపడ్డ కార్మికులతో సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ పనిచేస్తోంది. 2019 నుంచి 'క్రష్డ్' పేరుతో నివేదికలు తెస్తోంది. నలిగిన వేళ్లలో ఎక్కువ భాగం పవర్ ప్రెస్సుల కింద నలిగినవేనని అవి పదేపదే చెబుతున్నాయి. వాటిలో ఇంకో సంగతి ఉంది, చదువుతుంటే ఒళ్లు మండుతుంది. ఉద్యోగంలో చేరిన రోజే చేతికి రావాల్సిన ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) కార్డు చాలామందికి ప్రమాదం జరిగాకే వచ్చింది.

ఇక తిరిగి పనికి రావడం. కుట్లు విప్పేశారు, పుండు మానింది, 'ఫిట్' అని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఊళ్లో అందరూ పని మొదలుపెట్టవా అని అడుగుతుంటారు. కానీ తెగిన వేలి మొండి దగ్గర నరాలు ఇంకా ఒక దారికి రావు. చలిగాలి తగిలితే జివ్వుమంటుంది, గుడ్డ రాసుకున్నా షాక్ కొట్టినట్టుంటుంది. లేని వేలు దురద పెడుతుంది. మొండికి మళ్లీ స్పర్శ అలవాటు చేయడానికి ఫిజియోథెరపిస్టులు దూదితో మొదలుపెట్టి, మెల్లగా ముతక గుడ్డతో రుద్దిస్తారు. గిన్నెడు బియ్యంలో చెయ్యి పెట్టి కదపమంటారు. చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది గానీ, పనికి తిరిగి వెళ్లే దారి అక్కడే మొదలవుతుంది. చూపుడువేలు పోయినవాడు చిన్న వస్తువులను బొటనవేలికీ నడిమివేలికీ మధ్య పట్టుకోవడం నేర్చుకోవాలి. నట్టు బిగించడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం అన్నీ కొత్తే. ఇన్నీ నేర్చుకున్నాక ప్రెస్సు ముందు నిలబడితే, పెడల్ మీద పెట్టిన కాలు దిగనంటుంది. భయానికి ఏ డాక్టరూ కాగితం రాయడు.

చట్టం మాత్రం శరీరాన్ని శాతాల్లో కొలుస్తుంది. 1923 నాటి కార్మికుల పరిహార చట్టానికి ఒక పట్టిక జోడించారు. ఏ అవయవం పోతే సంపాదన శక్తి ఎంత తగ్గినట్టో అందులో ఉంటుంది. బొటనవేలికి 30 శాతం. చూపుడువేలు పూర్తిగా పోతే 14, నడిమివేలికి 12. ఉంగరపువేలు, చిటికెనవేలు ఏది పోయినా 7. ఒక్క కణుపే పోతే నడిమివేలికి 7, ఉంగరపువేలికి 5. అంటే కణుపు చొప్పున పోయాయనుకున్నా, గిటారు కళాకారుడి చెయ్యి ఈ పట్టికలో 12 శాతం దాటదు. మరో చిత్రం చూడండి. పట్టికలో చేతివేళ్లన్నిటిలో చిన్నచూపు చిటికెన, ఉంగరపు వేళ్లకే. సుత్తి పిడిని, గడ్డపారను, బకెట్టు కాడను గట్టిగా పట్టి ఉంచే బిగువులో చాలా భాగం ఆ రెండు వేళ్లదే. ఇప్పుడు పాత చట్టం స్థానంలో, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ఉంది. గాయాల పట్టిక అందులోకీ వచ్చి కూర్చుంది.

పట్టికను దాటి చూసిన సందర్భాలు లేకపోలేదు. మన సరిహద్దు అవతల, ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో 1968లో ఒక సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ వడ్రంగి ఒకతను కిందపడ్డాడు. ఎడమచెయ్యి తీసేయాల్సి వచ్చింది. పోయింది ఒక్క చెయ్యే కదా, సంపాదన శక్తి మొత్తం పోయినట్టు ఎలా లెక్కిస్తారని హాలు యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. వడ్రంగం ఒంటిచేత్తో సాగే పని కాదు, కాబట్టి అతని విషయంలో నష్టం నూటికి నూరు శాతమేనని 1975లో కోర్టు తేల్చింది. ఎంత చెయ్యి పోయిందన్నది ఒక్కటే చూడకుండా, ఆ చెయ్యి ఏం పని చేసేదో కూడా అడిగిన తీర్పు అది. నేటికీ న్యాయవాదులు దాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. కాకపోతే పరిహారం ఎంతన్నది తేలేసరికి ఏడేళ్లు గడిచాయి. ఒంటిచేత్తో ఆ మనిషి చేయగల వేరే పనేదైనా ఉందా అన్న ప్రశ్న ఆ వ్యాజ్యంలో ఎవరికీ అవసరపడలేదు.

అసలు గాయపడ్డవాడి కోసం పని ఆగడం మనకు తెలియని విషయమేమీ కాదు. 1982 జులై 26న బెంగళూరులో 'కూలీ' షూటింగ్‌లో ఒక పోరాట దృశ్యం తీస్తుండగా అమితాబ్ బచ్చన్ పొట్టకు దెబ్బ తగిలింది. చావు దాకా వెళ్లి బయటపడ్డాడు. మళ్లీ కెమెరా ముందుకొచ్చింది 1983 జనవరి 7న. అన్నాళ్లూ సినిమా ఆయన కోసం కాచుకుంది. కథలో చనిపోవాల్సిన ఆయన పాత్రను బతికించి, ముగింపే మార్చేశారు. దెబ్బ తగిలిన చోట తెర మీద దృశ్యాన్ని నిలిపి, ఇక్కడే గాయమైందని ప్రేక్షకులకు చెప్పారు. అంతటి నటుడికి ఆ మర్యాద దక్కాల్సిందే. అదే సినిమాల్లో అద్దాలు పగలగొట్టుకుంటూ దూకే ఫైటర్‌కు కాలు విరిగితే ఏ ముగింపు మారుతుంది? మర్నాడు ఇంకో ఫైటర్ దూకుతాడు. ప్రెస్సు మీదకి కూడా మర్నాడు ఇంకో హెల్పర్ వస్తాడు.

మామూలు ఉద్యోగి కోసం కూడా పని కాస్త వంగేలా చేయవచ్చని జర్మనీ ఏర్పాటు చెబుతుంది. అక్కడ దాన్ని హాంబర్గ్ పద్ధతి అని పిలుస్తారు. జబ్బుపడ్డ లేదా గాయపడ్డ మనిషి మొదట రోజుకు రెండు మూడు గంటలు పనికి వెళ్తాడు. కొన్ని వారాలయ్యాక నాలుగైదు గంటలు, ఆ తర్వాత పూర్తి షిఫ్టు. అప్పటిదాకా అతన్ని ఇంకా సెలవులో ఉన్నవాడిగానే లెక్కించి భృతి ఇస్తూ ఉంటారు. ఏడాదిలో ఆరు వారాలకు మించి అనారోగ్యంతో పనికి రాలేకపోతే, తిరిగి ఎలా రాగలవో మాట్లాడుకుందాం రమ్మని యజమానే పిలవాలి. అది అక్కడి చట్టం.

మన దగ్గర ఇలాంటి రక్షణ ప్రభుత్వ ఉద్యోగికి ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. అలాంటి ఖాళీ లేకపోతే అదనంగా ఒక పోస్టు సృష్టించాలి. గాయం ఊసే లేని ఒక కేసులోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. రంగులు గుర్తుపట్టలేడని పంపేసిన ఒక తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్‌కు తగిన వేరే ఉద్యోగం చూపాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. బస్సు నడపలేకపోవచ్చు, డిపోలో పనులే లేవా అన్నది సాదాసీదా ప్రశ్న. కాంట్రాక్టరు చేతి కింద ప్రెస్సు తొక్కే కుర్రాడి తరఫున ఆ ప్రశ్న అడిగే నాథుడు లేడు. ఈ దేశంలో ఎక్కువ వేళ్లు తెగేది అతని లాంటివాళ్లవే.

యజమానే లేని వృత్తుల్లో పరిస్థితి మరో రకం. తాటిచెట్టు మీంచి పడి నడుము దెబ్బతిన్న గీత కార్మికుడు ఎవరిని అడగాలి? ఆయన నమ్ముకున్నది నడుముకు కట్టిన మోకు, ముత్తాదు. అది తెగితేనో జారితేనో నేరుగా నేల మీదకే. పడి బతికినవాళ్లు, ఎముక అతుక్కున్నాక మళ్లీ అదే మోకు కట్టుకుని అదే చెట్టు ఎక్కాలి. ఎక్కకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పట్టు జారినా మనిషి కిందపడకుండా చెట్టుకే వేలాడేలా తాళ్లు, పట్టీలు అందులో ఉంటాయి. ఎలా వాడాలో శిక్షణ కూడా ఇచ్చారు. చెట్టెక్కేవాళ్ల కులదైవం పేరు పెట్టడం బాగుంది. అంతకన్నా మంచి విషయం, ఇది పనిముట్టును మార్చిన ప్రయత్నం కావడం. ఒకసారి పడి లేచినవాడికి మళ్లీ ఎక్కే ధైర్యం ఎక్స్‌గ్రేషియా చెక్కుతో రాదు. ఈసారి పట్టు జారినా తాడు ఆపుతుందన్న నమ్మకంతో వస్తుంది. అందుకే పంపిణీలో, ఇప్పటికే ఒకసారి పడినవాళ్లకు మొదటి వరుస ఇవ్వాలి.

చివరగా పాఠకులకు ఒక మాట. మీ ఇంట్లోగానీ మీ వీధిలోగానీ ఎవరైనా ప్రెస్సు మీదో లేతు మీదో పనిచేస్తుంటే, నెల జీతం 21,000 రూపాయలు దాటకపోతే, ఈఎస్‌ఐ నంబరు ఉందో లేదో ఇప్పుడే అడగండి. పనిలో గాయపడితే కోలుకునేదాకా సగటు కూలిలో 90 శాతం ఈఎస్‌ఐ ఇవ్వాలి. దానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతేమీ లేదు, చేరిన మొదటి రోజే గాయపడినా వర్తిస్తుంది. ప్రమాదం జరిగిన రోజే రిజిస్టర్‌లో రాయించండి. ఆస్పత్రి కాగితాలు కాంట్రాక్టరు చేతికి ఇచ్చేయకుండా మీ దగ్గరే పెట్టుకోండి. ఈఎస్‌ఐ పరిధిలోకి రాని కార్మికుడు పరిహారం కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి గడువు రెండేళ్లు.