కాలు మోపడం నేర్పండి

గత వారం మా పిన్ని వంటింటి గడప దగ్గర పడిపోయింది. అదృష్టం, ఎముకలేమీ విరగలేదు. మోచేతికి కట్టు కట్టి, నొప్పి మాత్రలు రాసి, డ్యూటీ డాక్టరుగారు మాతో అన్న మాట ఒకటే: "పెద్దావిడ కదండీ, పడకుండా జాగ్రత్తగా చూసుకోండి." నాకు ఒళ్లు మండింది. పాపం, బయట అంతమంది రోగుల్ని కూర్చోబెట్టుకున్న కుర్ర డాక్టరు మీద కాదు ఆ కోపం. డెబ్బై దాటిన మనిషి పడకుండా ఉండాలంటే ఏం చేయాలో ముప్పై ఏళ్లుగా పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. ఆస్పత్రి గుమ్మం దాటి మన ఇంటికొచ్చేది మాత్రం ఇంకా ఆ ఒక్క 'జాగ్రత్త' మాటే.

ఆ జాగ్రత్త ఇంట్లో ఎలా అమలవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కాఫీ మంచం దగ్గరికే వస్తుంది. పూజకి పూలు మనవరాలు కోసుకొస్తుంది. "నువ్వు లేవకు, మేం ఉన్నాంగా" అని కొడుకూ కోడలూ ప్రేమగానే అంటారు. అలా కొన్ని వారాలు కూర్చుంటే తొడల్లో బలం పోతుంది. బలం పోయేకొద్దీ భయం పెరుగుతుంది. భయపడ్డ మనిషి అడుగు ఎత్తి వేయదు, ఈడుస్తుంది. గడపకి తట్టుకునేది ఆ ఈడ్చే కాలే.

పిన్ని నడకని ఈసారి దగ్గరగా చూశాను. మంచం నుంచి బాత్రూం దాకా గోడ మీద ఆమె అరచెయ్యి ఆనేచోట రంగు మాసి నల్లని చార పడింది. కుడికాలు వేస్తుంది, ఎడమకాలు తెచ్చి దాని పక్కనే చేరుస్తుంది, దాన్ని దాటి ముందుకు వేయదు. ఒంటికాలి మీద బరువు పడే ఆ క్షణాన్ని ఎలాగైనా తప్పించుకోవాలని ఒళ్లంతా ప్రయత్నిస్తున్నట్టు ఉంటుంది. "కాలు లేపితే నేల కదిలినట్టుంటోందిరా" అంది.

ఆ మాట వినగానే నాకు ఫ్రీమాంట్ గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలోని ఆ ఊరి ఎలిజబెత్ చెరువు గురించి ఈ కాలమ్‌లో ఇదివరకు రాశాను. పిల్లల దగ్గరికెళ్లిన మన తల్లిదండ్రులు పొద్దున్నే స్వెట్టర్లు తొడుక్కుని దాని చుట్టూ నడుస్తూ ఊళ్లో కబుర్లన్నీ కలబోసుకునే చోటు. ఆ గట్టు పక్కన పచ్చిక మీద కొందరు చైనా పెద్దవాళ్లు తాయ్‌చీ అనే వ్యాయామం చేసేవారు. వాళ్ల వరసలో చివర, చీర మీద స్వెట్టరూ కాళ్లకి స్పోర్ట్స్ బూట్లూ వేసుకుని గుడివాడ నుంచి వచ్చిన ఒకావిడ. ఆవిణ్ని చూశాకే నాకూ చేరాలనిపించింది.

నేర్పే పెద్దావిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. మాకు చైనా భాష రాదు. అయినా పాఠానికి అడ్డు రాలేదు. మోకాళ్లు కాస్త వంచమనేది. ఒంటి బరువంతా కుడికాలి మీదికి తెచ్చుకోమనేది. ఎడమకాలు ముందుకి చాపి మడమ మాత్రం ఆనించాలి, దాని మీద బరువు వేయకూడదు. అప్పుడు ఆవిడ దగ్గరికొచ్చి, చాపిన కాలి చీలమండని తన బూటు కొనతో మెల్లగా తట్టేది. కాలు తేలిగ్గా పక్కకి జరిగితే తలూపేది. జరక్కపోతే బరువు అప్పుడే అటు జారిపోయిందన్నమాట, మళ్లీ మొదటికి. ఆ తట్టడంలో పాసయ్యాక పాదం మొత్తం ఆనించి, బరువుని కొంచెం కొంచెంగా అటు పంపించి, ఇప్పుడు కుడికాలు ఖాళీ చేయాలి. ఒక్క అడుగుకి ఇంత పని. చేతులు మేఘాల్లా కదపడం, అడవిగుర్రం జూలు పాయలు తీయడం లాంటి అందమైన పేర్లున్న భంగిమలన్నీ ఆ పని మీద నిలబడ్డవే. పైనుంచి చూసేవాళ్లకి చేతులే కనిపిస్తాయి. కష్టమంతా పాదాల్లో ఉంటుంది. హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశం వాళ్ల పల్లెలో యుద్ధవిద్యగా పెరిగి, 1956లో చైనా ప్రభుత్వం 24 భంగిమలకి కుదించి జనంలోకి తెచ్చాక పార్కుల్లో కనిపించేంత మామూలైన విద్య ఇది.

క్లాసు అయ్యాక ఫ్లాస్కులు తెరుచుకునేవి. వేడి టీ, వేయించిన గింజలు. ఎవరైనా రెండ్రోజులు కనబడకపోతే ఇంటికి ఫోను వెళ్లేది. కోడలు ఉద్యోగానికీ పిల్లలు బడికీ పోయాక రోజంతా నిశ్శబ్దంగా ఉండే ఇంట్లో గడిపే గుడివాడ అమ్మగారికి ఆ పొద్దుటి గంట ఎంత విలువైనదో ఆవిడ ముఖం చూస్తే తెలిసేది. ఇక్కడ మందు తాయ్‌చీ కాదు, ఈ మనుషులే అని నాకు గట్టిగా అనిపించింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత ప్రశ్న తెలుసు. ఎవరు ఏ వైద్యం గురించి "చేశాం, తగ్గింది" అన్నా నేను అడిగేది అదే: దేనితో పోల్చి చూశారు? మాత్రకైతే పోల్చడానికి మందు లేని దొంగమాత్ర ఉంటుంది. ఏది మింగామో రోగికీ తెలియదు, ఇచ్చినవాళ్లకీ తెలియదు. తాయ్‌చీకి, యోగాకి, ధ్యానానికి ఆ వెసులుబాటు లేదు. గంటసేపు చేతులు తిప్పిన మనిషికి తానేం చేశాడో తెలియకుండా ఎలా ఉంటుంది? అందుకే ఈ పరిశోధనల విలువంతా పక్క గుంపు ఏం చేసిందన్న దాని మీదే ఉంది. పక్క గుంపుని ఇంట్లో కూర్చోబెడితే, బయటికెళ్లడం మంచిదని తప్ప ఇంకేమీ రుజువు కాదు.

బోస్టన్‌లోని టఫ్ట్స్ వైద్యకేంద్రంలో చెన్‌చెన్ వాంగ్ బృందం చేసిన పనిని ఈ ప్రశ్నతోనే చదివాను. ఒళ్లంతా నొప్పులతో ఏళ్ల తరబడి బాధపెట్టే ఫైబ్రోమయాల్జియా ఉన్న 66 మందితో 2010లో చేసిన అధ్యయనంలో తాయ్‌చీ గుంపు బాగా కోలుకుంది. అయితే పక్క గుంపుకి దక్కింది ఆరోగ్య పాఠాలూ, ఒళ్లు సాగదీసే వ్యాయామాలే. 2016లో అదే బృందం మోకాళ్లు అరిగిన 204 మందిని తీసుకుని పోటీ గట్టిగా పెట్టింది: ఒకవైపు తాయ్‌చీ, ఇంకోవైపు పద్ధతిగా ఫిజియోథెరపీ. నొప్పి రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. దిగులు తగ్గడంలో తాయ్‌చీ కొంచెం ముందుంది. మోకాళ్ల వరకు నా అనుమానం నిలబడినట్టే. శ్రద్ధగా నేర్పే మనిషి ఉండి, వారానికి రెండుసార్లు ఒళ్లు కదిపితే చాలు, దారి ఏదైనా పర్వాలేదు. గుండె బలహీనపడ్డ 100 మందితో గ్లోరియా యే 2011లో ప్రచురించిన పరిశోధన కూడా నన్ను అటే నడిపించింది. ఆరు నిమిషాల్లో వాళ్లు నడవగలిగిన దూరం పెరగలేదు గానీ, బతుకు మునుపటికన్నా బాగుందని వాళ్లే చెప్పారు. తోడు దొరికిన మనిషి అలాగే చెబుతాడు కదా అనుకున్నాను.

ఆరెగాన్ పరిశోధన దగ్గర మాత్రం ఈ వాదన నిలవదు. ఫుజోంగ్ లీ బృందం 2018లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 670 మంది ఉన్నారు. అందరూ డెబ్బై దాటినవాళ్లే. అందరూ ఏడాదిలో ఒకసారైనా పడినవాళ్లో, నడక పట్టు తప్పినవాళ్లో. మూడు గుంపులు చేశారు. ఒకదానికి 24 భంగిమల నుంచి తీసి, నిలకడ కోసం మలిచిన 8 భంగిమల తాయ్‌చీ. రెండోదానికి బలం, నిలకడ, దమ్ము అన్నీ కలిపిన వ్యాయామం. మూడోదానికి ఒళ్లు సాగదీయడం. మూడింటికీ క్లాసు ఉంది, మాస్టారున్నారు, పక్కన మనుషులున్నారు. వారానికి రెండుసార్లు, గంటసేపు, ఆరు నెలలు. తోడే మందయితే మూడు గుంపులూ ఒకేలా బాగుపడాలి. ఆ ఆరు నెలల్లో సాగదీసే గుంపువాళ్లు 363 సార్లు పడ్డారు. కలగలుపు వ్యాయామం గుంపు 218 సార్లు. తాయ్‌చీ గుంపు 152 సార్లు. గుంపుల్లో మనుషుల సంఖ్యలో తేడా లేనట్టే. లెక్కకట్టి చూస్తే, మంచి వ్యాయామంతో పోల్చినా తాయ్‌చీ వల్ల పడడం 31 శాతం తగ్గింది.

ఎందుకిలా? దానికి సమాధానం నాకు కెనడాలో దొరికింది. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం వాళ్లు వృద్ధుల వసతి గృహాల్లో కెమెరాలు పెట్టి, 130 మంది పడిన 227 సందర్భాలని వీడియోలో చూశారు. 2013లో వచ్చిన ఆ పరిశోధన చదివితే మనం నమ్మేదంతా తలకిందులవుతుంది. ఎవరైనా పడితే మనం టైల్స్‌ని తిడతాం, తడి నేలని తిడతాం. ఆ వీడియోల్లో మాత్రం జారి పడినవి వందకి మూడే. కాలికేదో తట్టుకుని పడినవి 21 శాతం. అన్నిటికన్నా ఎక్కువ, 41 శాతం, ఒంటి బరువుని ఒకవైపు నుంచి ఇంకోవైపు మార్చడంలో పొరపాటు వల్ల జరిగినవి. నిలబడ్డ చోటే, తిరగబోతూ, ఒక అడుగు వేయబోతూ. ఆ చైనా పెద్దావిడ బూటు కొనతో పరీక్షించింది సరిగ్గా దీన్నే. తోడు లేకపోతే ఎవరూ క్లాసుకి రారు, అది నిజం. వచ్చాక పడకుండా కాపాడేది మాత్రం బరువు మార్చడంలో పాదానికి దొరికిన సాధన.

అన్ని ఫలితాలూ ఇంత స్పష్టంగా లేవు. అట్లాంటాలో స్టీవెన్ ఉల్ఫ్ బృందం 1996లో 200 మందితో చేసిన అధ్యయనంలో మళ్లీ మళ్లీ పడే ముప్పు సుమారు సగానికి తగ్గింది. అదే బృందం 2003లో ఇంకా బలహీనపడ్డ 311 మందితో 48 వారాలు తాయ్‌చీ చేయిస్తే, కొంత తగ్గినట్టు కనబడ్డా అది నికరమని చెప్పడానికి అంకెలు చాలలేదు. దీని అర్థం నాకు ఒకటే తోస్తోంది. ఈ సాధన ఆలస్యంగా మొదలుపెట్టేది కాదు. కాళ్లలో ఇంకా సత్తువ ఉండగానే మొదలుపెట్టాలి.

ఇదంతా చదివి తెనాలిలోనో కరీంనగర్‌లోనో తాయ్‌చీ మాస్టారు కోసం వెతకమని నేను చెప్పడం లేదు. మన ఊళ్లలో యోగా క్లాసులకి కొరత లేదు. అక్కడ పెద్దవాళ్లని ఎక్కువసేపు కూర్చోబెట్టి శ్వాస మీద, ధ్యానం మీద పెడుతున్నారు. కింద కూర్చోలేనివాళ్లకి కుర్చీ వేస్తున్నారు. మంచిదే. అయితే కూర్చుని ఎంతసేపు ఊపిరి పీల్చినా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చడం రాదు. ఇలాంటివి పరీక్షించే పెద్ద పరిశోధనలు మనకి చేతకావనీ కాదు. గుండెపోటు వచ్చినవాళ్లకి యోగా నేర్పిస్తే ఏమవుతుందో మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో 3,959 మంది మీద చూశారు. మళ్లీ గుండె జబ్బు ముప్పు తగ్గిందని అది తేల్చలేకపోయింది, ఆరోగ్యం మెరుగైనట్టు రోగులకి అనిపించిందని మాత్రం చూపించింది. రెండింటినీ దాచకుండా ప్రచురించారు. నేను మెచ్చుకునే నిజాయితీ అది. ఆ శ్రద్ధలో కొంత ముసలివాళ్ల పాదాల మీద కూడా పెట్టమని మన ఫిజియోథెరపీ కాలేజీలనీ, యోగా గురువులనీ అడుగుతున్నాను. రోజూ క్లాసులో పావుగంట, పక్కన పట్టుకోవడానికి కుర్చీ పెట్టుకుని, నిలబడి నెమ్మదిగా అడుగులు వేయించండి.

డాక్టర్లకి ఒక్క మనవి. డెబ్బై దాటిన ప్రతి మనిషినీ "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా?" అని అడగండి. పడ్డామంటే జాగ్రత్త చెప్పి పంపేయకండి, నిలకడ వ్యాయామాలని చీటీ మీద రాసి ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపండి. ఇంట్లో పెద్దవాళ్లున్న పాఠకులు డాక్టరు అడిగేదాకా ఆగొద్దు, ఆ ప్రశ్న మీరే అడగండి. పిల్లలు కంగారుపడతారని చాలామంది పడిన సంగతి చెప్పరు. మా పిన్ని కూడా అంతకుముందు ఒకసారి పడిందట. మొన్న అడిగితేనే చెప్పింది.