రంగూన్ రేవు, 1930: ఉపాధి పోటీ వాదం - ఒక పరిశీలన

వలస వచ్చినవారి పట్ల స్థానికుల వైఖరిని రూపొందించేది ఉపాధి పోటీయేనన్న వాదం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. ఈ అంశంపై వెలువడిన పరిశోధనలను జెన్స్ హైన్‌ముల్లర్, డేనియల్ హాప్‌కిన్స్ 2014లో సమీక్షించారు. వ్యక్తిగత ఆర్థిక నష్టభయం కంటే దేశానికి, సంస్కృతికి ఏమవుతుందోనన్న ఆందోళనే బలమైనదని వారి నిర్ధారణ. వారి ఆధారాలు ప్రధానంగా ఉత్తర అమెరికా, పశ్చిమ ఐరోపా సర్వేలు. తెలుగువారే వలసదారులైన ఒక సందర్భంలో ఈ నిర్ధారణ ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించదగినది.

1930 మే నెలలో రంగూన్ రేవులో ఓడ సరుకు ఎత్తి దింపే తెలుగు కూలీలు కూలి పెంపు కోరుతూ సమ్మెకు దిగారు. యాజమాన్యాలు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారమై పాతవారు తిరిగి రాగానే బర్మీయులకు పని లేకుండా పోయింది. పనికి వచ్చి వెనుదిరగవలసి వచ్చినవారిని తెలుగు కూలీలు ఎగతాళి చేయడంతో కొట్లాట మొదలైందని చరిత్ర రచనలు చెబుతున్నాయి. అది నగరమంతా పాకింది. వంద మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు భారతీయులు.

పైకి ఇది ఉపాధి పోటీ వాదానికి తిరుగులేని సాక్ష్యం. అయితే తెలుగువారు ఆ రేవులో అప్పటికే దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. పోటీయే చాలినంత కారణమైతే ఘర్షణ అంతకాలం ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు ఆ వాదంలో సమాధానం లేదు. సాంస్కృతిక దూరమూ పాతదే కనుక, 2014 నాటి నిర్ధారణకూ ఇదే చిక్కు ఎదురవుతుంది.

బర్మాలో ఉద్యోగం చేసిన జె. ఎస్. ఫర్నివాల్ 1948లో ప్రచురించిన గ్రంథంలో 'బహుళ సమాజం' అనే భావనను విస్తరించాడు. వేర్వేరు జాతులు పక్కపక్కనే బతుకుతూ బజారులో మాత్రమే కలుసుకొనే సమాజమది. ఉమ్మడి సామాజిక సంకల్పం లేకపోవడాన్ని ఈ భావన చక్కగా వివరిస్తుంది. రేవు విషయంలో మాత్రం ఇది తలకిందులైంది. ఎవరి పని వారు చేసుకున్నంతకాలం రేవు నెమ్మదిగానే ఉంది. రెండు జాతులను ఒకే పనికి పిలిచి, ఒకరిని అర్ధాంతరంగా పంపివేసినప్పుడే రగిలింది. ఆ పిలుపు, ఆ తొలగింపు రెండూ యజమానివి. దెబ్బలు తిన్నది మాత్రం మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీర్చుకోవడానికి సముద్రం దాటిన కూలీ.

ఇంతటితో వివరణ పూర్తి కాదు. పని పోయినవారి కోపం రేవులో ఆగక, ఏ పోటీలోనూ లేని భారతీయుల మీదికి పాకింది. అప్పటికి నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే; వారందరూ ఒకే ముద్దగా కనిపించారు. 2014 సమీక్షకు బలం చేకూరేది ఇక్కడే. దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల్లో 1930లో సుమారు 6 శాతం భూమి తమిళ చెట్టియార్ల చేతిలో ఉండగా, ఆ దశాబ్దం చివరికి అది 25 శాతానికి చేరింది. అప్పు ఇచ్చినవాడూ మూట మోసినవాడూ స్థానికుని కంటికి ఒక్కటే అయినారు.

తెలుగు కూలీకి అక్కడ దక్కిన 'కోరంగి' అన్న పేరు కూడా ఇటువంటిదే. 1839 తుపానులో కోరంగి రేవు ఛిన్నాభిన్నమైంది. ఆ తరువాత ఎన్నడో కాకినాడ, విశాఖపట్నం నుండి ఓడ ఎక్కినవారికీ అదే పేరు. 'రంగం వెళ్ళడం' అని మనవారు చెప్పుకొన్న ప్రయాణానికి ఆవలి ఒడ్డున అంటిన పేరు అది. 1938లో అల్లర్లు మళ్ళీ చెలరేగినప్పుడు తొలి లక్ష్యం ముస్లిములు. ఈసారి నిప్పు రాజేసింది రేవు కాదు, ఒక పుస్తకం.