రికార్డులూ, అనుమానాలూ, ప్రమాణాలూ

పరుగు పందాలను శ్రద్ధగా అనుసరించేవారు నలుగురు కూడినచోట ఒక వివాదం తప్పక తలెత్తుతుంది. 1980 దశకంలో నెలకొన్న కొన్ని ప్రపంచ రికార్డులను నమ్మవచ్చునా, నమ్మరాదా అనేదే ఆ వివాదం. చెకొస్లొవేకియాకు చెందిన యార్మిలా క్రతొహ్విలోవా 1983 జూలై 26న మ్యూనిక్ నగరంలో 800 మీటర్లను 1 నిమిషం 53.28 సెకన్లలో పరుగెత్తినది. తూర్పు జర్మనీకి చెందిన మరీటా కోఖ్ 1985 అక్టోబరు 6న కాన్‌బెరాలో 400 మీటర్లను 47.60 సెకన్లలో ముగించినది. నలభై ఏళ్లు గడచినా, 2025 ముగిసేనాటికి ఈ రెండింటినీ ఎవరూ దాటలేదు. 2025లో టోక్యోలో అమెరికా క్రీడాకారిణి సిడ్నీ మెక్‌లాఫ్లిన్-లెవ్రోన్ 47.78 సెకన్లలో పరుగెత్తి కోఖ్‌కు 0.18 సెకను దూరం వరకు రాగలిగినది. ఆ పరుగుతో పాత చర్చ మళ్లీ రాజుకున్నది.

ఈ చర్చలో ఇరుపక్షాలవారూ విజ్ఞానశాస్త్రాన్నే సాక్ష్యానికి పిలుస్తారు. కాని ఆ సాక్షి నిజంగా చెప్పినదేమో వినే ఓపిక చాలమందికి ఉండదు. అందుచేత వారి వాదాలను ఒక్కొక్కటిగా తీసుకొని తూచి చూడడం అవసరం.

మొదటిది, “పట్టుబడలేదు కనుక నిర్దోషి” అనే వాదం. క్రతొహ్విలోవా గాని, కోఖ్ గాని ఏ పరీక్షలోనూ దోషిగా తేలలేదన్నది నిజమే. అయితే ఆనాటి పరీక్ష ఎట్టిదో చూడాలి. ఆనబాలిక్ స్టెరాయిడ్లు అనేవి టెస్టోస్టిరోన్ అనే హార్మోనును పోలిన పదార్థాలు. ఇవి కండరకణాలలో ప్రవేశించి మాంసకృత్తుల తయారీని హెచ్చిస్తాయి. స్త్రీల శరీరంలో ఈ హార్మోను సహజంగా బహు స్వల్పం కనుక వారిపై వీటి ప్రభావం మరింత ప్రస్ఫుటంగా ఉంటుంది. మూత్రంలో వీటిని కనిపెట్టే పరీక్ష ఒలింపిక్ క్రీడలలో 1976లో, మాంట్రియల్‌లో, మొదలైనది. కాని మందు ఫలితమిచ్చేది శిక్షణ కాలంలో. పరీక్ష జరిగేది పోటీ దినాన. కొన్ని వారాల ముందు మందు మానివేస్తే మూత్రంలో దాని జాడ ఆనాటి పరికరాలకు అందకుండా పోయేది. పోటీలు లేని రోజులలో, ముందు చెప్పకుండా వచ్చి పరీక్షించే పద్ధతి ఆ దశకం చివర గాని బలపడలేదు.

ఇక్కడ ఒక ఊహాలెక్క వేసి చూద్దాము. 1000 మంది క్రీడాకారులలో 100 మంది మందులు వాడుతున్నారనుకోండి. పరీక్ష నిర్దోషిని ఎన్నడూ దోషిగా చూపదు, కాని దోషులలో 30 మందిని మాత్రమే పట్టగలదు అనుకోండి. అప్పుడు పరీక్షలో గట్టెక్కేవారు 970 మంది. వారిలో 70 మంది మందులు వాడినవారే. అనగా పరీక్షకు ముందు నూటికి 10గా ఉన్న అనుమానం, పరీక్ష తరువాత కూడా నూటికి 7కు పైగా నిలిచి ఉన్నది. అదే పరీక్ష 90 మందిని పట్టగలిగితే, గట్టెక్కిన 910 మందిలో దోషులు 10 మందే. అనుమానం నూటికి 1 ప్రాంతానికి దిగుతుంది. కనుక “పరీక్షలో నెగ్గినాడు” అనే మాటకు దానంతట దానికి విలువ లేదు. ఆ పరీక్షకు ఎంత చూపున్నదో అంతే దాని విలువ. ఈ లెక్కను ఉపాధ్యాయులు తరగతిలో అంకెలు మార్చి చేయించవచ్చును.

రెండవది దీనికి ఎదురుగా నిలిచే వాదం: “ఇన్నేళ్లుగా ఎవరూ దాటలేదు కనుక అది మందు మహిమే.” ఇదీ తొందరపాటే. తూర్పు జర్మనీకి చెందిన యుర్గెన్ షుల్ట్ 1986లో డిస్కస్‌ను 74.08 మీటర్లు విసిరినాడు. అది చెక్కుచెదరదని చాలమంది తలచినారు. 2024 ఏప్రిల్‌లో లిథుయేనియా యువకుడు మైకొలాస్ అలెక్నా 74.35 మీటర్లు, 2025 ఏప్రిల్‌లో 75.56 మీటర్లు విసిరి దానిని వెనుకకు నెట్టినాడు. అయితే దీనిని బట్టి షుల్ట్ కడిగిన ముత్యమని తేల్చడమూ పొరపాటే. అలెక్నా రెండుసార్లూ విసిరినది అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని రమోనా వద్ద. బలమైన గాలులకు ఆ మైదానం పేరుపొందినది. అనుకూలమైన ఎదురుగాలి డిస్కస్‌ను పైకి ఎత్తిపట్టి దూరం పెంచుతుంది. డిస్కస్‌కు గాలిపరిమితి నిబంధన లేదు. ఒక అంకె వెనుక శిక్షణ, గాలి, పరికరం, మందు, ప్రతిభ అన్నీ కలిసి ఉండవచ్చును. ఆ అంకెను ఎంతసేపు చూచినా వాటిని విడదీయలేము.

మూడవ పొరపాటు, వేర్వేరు ప్రశ్నలను ఒకే గాటకు కట్టడం. ఫ్లారెన్స్ గ్రిఫిత్-జాయ్‌నర్ 1988 జూలై 16న ఇండియానాపొలిస్‌లో 100 మీటర్లను 10.49 సెకన్లలో పరుగెత్తినది. అంతకు ముందున్న రికార్డు 10.76. ఈ పరుగును గురించి చర్చ రాగానే అందరూ మందుల మాటే ఎత్తుతారు. ఆమె ఏ పరీక్షలోనూ దోషిగా తేలలేదు. కాని అసలు అడగవలసిన ప్రశ్న గాలిమాపకం గురించి. ఆ పరుగు సమయంలో ట్రాక్ పక్కనున్న గాలిమాపకం 0.0 చూపినది. అదే మైదానంలో ట్రిపుల్ జంప్ వద్దనున్న మాపకం సెకనుకు 4.3 మీటర్లు చూపినది. రికార్డుకు అనుమతించే వెనుకగాలి 2.0 మీటర్లు మాత్రమే. ఆస్ట్రేలియా భౌతికశాస్త్రజ్ఞుడు నికొలస్ లింతోర్న్ 1995లో ఈ విషయాన్ని పరిశీలించి, ఆ పరుగుకు పరిమితిని మించిన వెనుకగాలి తోడ్పడినదని నిర్ణయించినాడు. ఆ మరునాటి ఫైనల్లో, నిబంధనకు లోబడిన గాలిలో, ఆమె కాలం 10.61. ఇది పరికరాన్ని గురించిన ప్రశ్న, శీలాన్ని గురించినది కాదు. పరికరాన్ని శంకించడానికి ఆధారమున్నచోట మనిషిని నిందించి ఊరుకోవడం శాస్త్రం అనిపించుకోదు.

ఇక నాల్గవది, “అన్నీ తుడిచివేసి మళ్లీ మొదలుపెడదాం” అనే వాదం. 2017లో ఐరోపా అథ్లెటిక్ సంఘం దాదాపు ఇట్టి ప్రతిపాదనే చేసినది. క్రీడాకారుడు అంతకుముందు నెలలలో తగినన్ని పరీక్షలకు లోబడి ఉండాలి. రికార్డునాటి నమూనాను పదేళ్లు భద్రపరచాలి. అప్పుడే దానిని రికార్డుగా గుర్తించాలి అన్నారు. అంతర్జాతీయ సంఘం నమూనాలను దాచడం ప్రారంభించినది 2005లో కనుక, అంతకు పూర్వపు రికార్డులన్నీ పట్టికనుండి తొలగిపోయేవి. 1991లో 8.95 మీటర్లు దూకిన మైక్ పావెల్, 2003లో మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించిన పౌలా రాడ్‌క్లిఫ్ ఈ ప్రతిపాదనను గట్టిగా నిరసించినారు. అది అమలులోకి రాలేదు.

దీనిని సమర్థించేవారు జావెలిన్‌ను ఉదాహరిస్తారు. 1984లో ఉవె హోన్ 104.80 మీటర్లు విసిరిన తరువాత, మైదానం చాలదేమోనన్న భయం కలిగి, 1986లో జావెలిన్ గరిమనాభిని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపినారు. రికార్డులను మళ్లీ మొదలుపెట్టినారు. కాని ఈ పోలిక నిలువదు. అక్కడ మారినది పరికరం. హోన్‌ను ఎవరూ తప్పుపట్టలేదు. ఇక్కడ తుడిచివేత ఒక తరమంతటి మీద తీర్పు వలె వినిపిస్తుంది.

అయినా ప్రతిపాదనలో గింజ వంటి మాట ఒకటి ఉన్నది. అది నమూనాను దాచడం. 2008, 2012 ఒలింపిక్ నమూనాలను కొత్త పద్ధతులతో తిరిగి పరీక్షించగా, మొదట గట్టెక్కినవారిలో వందమందికి పైగా పట్టుబడినారు. దాచిన సీసా కాలం గడచినకొద్దీ మరింత మాట్లాడుతుంది. అయితే సాక్ష్యం ఏ రోజుదో ఆ రోజుకే కట్టుబడి ఉంటుంది. రూత్ చెప్‌ఙెటిచ్ 2024 అక్టోబరులో షికాగో మారథాన్‌ను 2 గంటల 9 నిమిషాల 56 సెకన్లలో ముగించినది. 2025 మార్చి 14న తీసిన నమూనాలో నిషిద్ధమైన మందు కనబడి ఆమెపై మూడేళ్ల నిషేధం పడినది. కాని ఆ నిర్ణయంలో షికాగో రికార్డును కొట్టివేయలేదు. అభిమానులకు ఇది మింగుడుపడలేదు. అయినా మార్చి నాటి సీసా అంతకుముందు అక్టోబరును గురించి అనుమానం పెంచగలదు గాని, నిరూపణ చేయలేదు.

ఈ వాదప్రతివాదాలలో తరచు మరుగునపడేది మనిషి. తూర్పు జర్మనీలో ప్రభుత్వమే పథకం వేసి క్రీడాకారులకు స్టెరాయిడ్లు ఇప్పించినదని బ్రిగిట్టె బెరెన్‌డంక్, వెర్నర్ ఫ్రాంకె పత్రాలతో సహా 1991లో వెల్లడించినారు. వాటిని విటమిన్లని నమ్మి మింగిన బాలికలు అనేకులు. ఆ క్రీడాశాఖ పెద్దలలో ఇద్దరికి 2000లో బెర్లిన్ న్యాయస్థానం శిక్ష విధించినది. 1984లో 4x100 రిలే జట్టులో పరుగెత్తి జాతీయ క్లబ్బు రికార్డులో చోటుపొందిన ఇనెస్ గైపెల్, ఆ పట్టికనుండి తన పేరు తీసివేయవలసినదిగా తానే కోరినది. ఇప్పుడు ఆ చోట ఒక నక్షత్రపు గుర్తు మాత్రమే ఉన్నది. ఆమెను దొంగ అనడానికి నోరు రాదు. ఆమె పరుగును మచ్చలేనిదనడానికీ వీలు లేదు.

కనుక మనకు కావలసినది తుడిచివేత కాదు, కళ్లు మూసుకొనడమూ కాదు. ప్రయోగశాలలో విద్యార్థి ఒక కొలత వ్రాసేటప్పుడు ఏ పరికరంతో కొలిచినాడో, అందులో ఎంత దోషం ఉండవచ్చునో పక్కనే వ్రాస్తాడు. రికార్డు పట్టికకూ అదే పద్ధతి తగును. ప్రతి అంకె పక్కన ఆనాడు ఏ పరీక్ష ఉండెనో, నమూనా దాచినారో లేదో, గాలిమాపకం ఏమి చూపినదో చేర్చాలి. అప్పుడు 47.60 అనే అంకె పట్టికలో ఉండనే ఉంటుంది. దానిని ఎంతవరకు నమ్మవచ్చునో చదువరికి దాని పక్కనే కనబడుతుంది.