‘ప్రకృతి ఆరాధకులు’ అంటే సరిపోదు

ఆదివాసీ దినోత్సవం వచ్చిందంటే మన పిల్లల వ్యాసాల్లోనూ, పెద్దల ఉపన్యాసాల్లోనూ ఒకటే మాట: "ఆదివాసులు ప్రకృతి ఆరాధకులు." మెచ్చుకోలే. కానీ ఆ మాటలో దండం పెట్టే చేతులే కనిపిస్తాయి, తీర్పు చెప్పే ఊరు కనిపించదు.

ఒడిశాలోని నియమగిరినే చూద్దాం. డోంగ్రియా కోందుల దేవుడు నియమరాజు. పేరులోనే నియమం ఉంది. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వితే పూజించే హక్కుకు భంగం కలుగుతుందేమో తేల్చమని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలింది. 12 ఊళ్లు కూర్చున్నాయి. 12 ఊళ్లూ వద్దన్నాయి. జనం దేవుడి మాట చెబుతూనే వాగుల మాట, పోడు మాట చెప్పారు. వాళ్లకు అవి వేర్వేరు సంగతులు కావు. దీన్ని ‘పవిత్ర పర్వతం కథ’గా రాసినవాళ్లు సగమే రాశారు. ఆ సగంతో ప్రమాదం ఉంది: పూజ చేసే చోటు వదిలేసి మిగతా కొండ తవ్వుకుంటామంటే ఏం జవాబు చెబుతాం?

మన మామిడి కొత్త కూడా అంతే. పండుగ కాకముందు కాయ తెంపకూడదంటే, పిందెను కాయ కానివ్వమనే. భక్తి అని రాసి వదిలేస్తే ఆ కట్టడి ఎవరికి తెలుస్తుంది? (అలాగని ప్రతి ఆచారమూ అడవిని కాపాడుతుందని రాయొద్దు. జంతువులు తగ్గిన అడవిలో పండుగ వేట సంగతి మనమే మాట్లాడుకోవాలి.)

ఈసారి వ్యాసం రాయించే ముందు పిల్లల్ని ఊరి పెద్దల దగ్గరికి పంపుదాం. కొత్త ఎప్పుడు చేయాలో ఎవరు చెబుతారు? కట్టడి దాటినవాళ్లకు తప్పు ఎంత వేస్తారు?